ఆపుకున్న తుమ్ము

కదలకండి, మాట్లాడకండి, నిద్రపోకండి, ఊపిరి మాత్రం మామూలుగా తీసుకోండి అని చెప్పి పరీక్షలు చేసే అమ్మాయి తెర అవతలికి వెళ్ళింది. నలభై ఒక్క ఏళ్ళుగా ఎవరూ చెప్పకుండానే ఊపిరి తీసుకుంటున్న మనిషి, ఆ మాట వినగానే అదెలా తీసుకోవాలో మర్చిపోయింది. గట్టిగా పీలిస్తే మామూలు కాదేమో, మెల్లగా పీలిస్తే భయపడుతోందనుకుంటారేమో. రెండు మణికట్లకీ, ఎడమ కాలి మడమ దగ్గరా, ఛాతీ మీదా చల్లటి జిగురు పూసి అంటించిన వైర్లు. వేలికి చిన్న క్లిప్పు. తల పక్కన మిషను, అందులోంచి మెల్లమెల్లగా బయటికి జరుగుతున్న గళ్ళ కాగితం. ఎదురుగోడ మీద గడియారం పది దాటి ఏడు నిమిషాలు చూపిస్తోంది. పదిహేను నిమిషాలు ఇలా పడుకుంటే మొదటి పరీక్ష అయినట్టు. తర్వాత అమ్మాయి చెప్పినట్టు లెక్కపెట్టి ఊపిరి తీయాలి, తర్వాత గబుక్కున లేచి నిలబడాలి, తర్వాత పిడికిలి బిగించాలి, ఆఖర్న ఐసు నీళ్ళలో చెయ్యి పెట్టాలి. మొత్తం గంట. ఈ గంటసేపు తుమ్మకపోతే చాలు. తుమ్మితే కాగితం పాడైపోతుంది, మళ్ళీ మొదట్నించీ తీయాలి అని ముందే చెప్పింది ఆ పిల్ల. మూడు రోజులుగా మాత్రలు మాన్పించారు. ముక్కేమో పొద్దుట్నించీ కుళాయిలా కారుతోంది. ఇప్పుడొచ్చి తుమ్మకండి అంటారు! వీళ్ళ తెలివి తెల్లారినట్టే ఉంది అనుకుంది, అనుకుని, ఆ కోపం కూడా కాగితం మీద పడుతుందేమోనని వెంటనే మానుకుంది.

గోడౌనులో అందరూ ఆమెని పైనక్క అంటారు. ముప్ఫై అడుగుల ఎత్తున, ఈ గోడ నుంచి ఆ గోడకి పట్టాల మీద నడిచే క్రేనుకి వేలాడే అద్దాల క్యాబిన్లో కూర్చునేది ఆమే కాబట్టి. కింద ఇనుప పైపుల కట్టలు, రేకుల చుట్టలు, లారీలు. పన్నెండేళ్ళుగా పొద్దున నిచ్చెనెక్కితే మధ్యాహ్నం భోజనానికి దిగడం, మళ్ళీ ఎక్కడం. ప్రమాదం జరిగాక పదిహేడు రోజులుగా ఎక్కలేదు. ఆ నిచ్చెన దగ్గరికి వెళ్ళాలంటేనే సిగ్గుగా ఉంది. మేనేజరు మాటలు గుర్తొచ్చాయి. చెడ్డవాడేం కాదు, గట్టిగా కూడా మాట్లాడడు, అదే వచ్చిన చిక్కు. క్యాబిన్లో నీ సీటు కింద ముక్కు అలర్జీ మాత్రల అట్ట దొరికిందమ్మా, ప్రతి ఏడూ ఫారంలో అలర్జీ లేదని రాశావు, ఇప్పుడు బీమావాళ్ళు అడుగుతున్నారు, నరాల డాక్టరు దగ్గర పరీక్ష చేయించుకుని నీ ఒంట్లో ఏ తేడా లేదని కాగితం తెచ్చుకో, ఆ రోజే మూడింటికి విచారణ, కాగితం బావుంటే మర్నాటి నుంచి నీ సీటు నీది అన్నాడు. మరి కింద నిలబడి సైగలిచ్చే గడకర్ర సంగతి అని ఆమె అడిగింది. అడిగిందా? అడిగినట్టే గుర్తు. నీ తప్పు లేదని తేలితే వాడి తప్పేగా, ఇద్దరే కదా ఉన్నది అన్నాడు మేనేజరు. అంతే, పైన ఒకరు కింద ఒకరు. ఆమె కాగితం ఎంత శుభ్రంగా వస్తే కింద ఉన్నవాడు అంతగా మునుగుతాడు.

ముక్కు కుడి పక్కన చిన్నగా కదిలింది. చీమ అడుగేసినట్టు. వద్దు. గడియారం చూడు. పది పదకొండు. దీనికో పద్ధతుంది, పద్ధతంటే ఆమెకి వచ్చినంత ఇంకెవరికీ రాదు. నాలిక పై అంగిట్లో నొక్కిపెట్టి, పళ్ళు బిగించి, ఊపిరి ఎక్కడిదక్కడ ఆపేసి, కడుపు లోపలికి లాక్కుంటే తుమ్ము ఎంత దూరం వచ్చినా వెనక్కి వెళ్ళాల్సిందే. చిన్నప్పుడు అమ్మ నేర్పింది మాత్రం ఇది కాదు, అమ్మది వేలు పద్ధతి. ఒకటే గది. నాన్న ఇళ్ళకి రంగులేసేవాడు, పగలంతా నిచ్చెనల మీద నిలబడి వచ్చి పడుకుంటే మనిషి మీద గోడ కూలినా లేవడు గానీ కూతురు తుమ్మితే లేచి కూర్చునేవాడు. తెల్లవారుజామున ఆమెకి తుమ్ములు వరసగా పది, పన్నెండు. మొదటిది రాకముందే అమ్మ చీకట్లో చెయ్యి చాపి ముక్కు కిందా పెదవి పైనా వేలుతో అదిమేది. ఆపుకో తల్లీ, ఆపుకో, నాన్న పడుకోనీ. ఆ వేలికి ఉల్లిపాయ వాసన. ఆ వేలు మీద ఎంత ప్రేమో, ఎంత కోపమో ఇప్పటికీ తేల్చుకోలేదు. ఒక్కసారైనా, తుమ్మితే తుమ్మనీ, పిల్లకి బాలేదు అని అనలేదేం అమ్మ? పాపం ఏమని అంటుంది, నాన్న నిద్ర చెడితే మర్నాడు నిచ్చెన మీంచి పడిపోతాడని ఆవిడ భయం. ఆ ఇంట్లో అందరికీ నిచ్చెనలంటే భయమే, చివరికి నిచ్చెనెక్కే పనిలోనే చేరింది తను.

క్రేను నేర్పిన మాస్టారు పెద్దమనిషి, నోరు మాత్రం చేటంత. ఏడుగురు మగపిల్లలు, తనొక్కతే ఆడమనిషి, అదీ పెళ్ళై ఒక పిల్ల తల్లి. మొదటి రోజే తుప్పు దుమ్ముకి మూడుసార్లు తుమ్మింది. ఆ మాస్టారు అందరికీ వినపడేలా, అమ్మా నువ్వు కూరగాయల కొట్టు పెట్టుకో, క్రేనెక్కి తుమ్మితే కింద జనం చస్తారు అన్నాడు. నవ్వారు. ఆ నవ్వు ఎంతసేపుందో గుర్తులేదు గానీ ఆమె చెవుల్లో మాత్రం చాలా ఏళ్ళుంది. ఆ రోజు నుంచి పని చోట తుమ్మలేదు. ఒట్టు, ఒక్కటి కూడా. చేతులు రెండూ లివర్ల మీద ఉండాలి, ముక్కు అదుముకోడానికి వేలు ఖాళీ ఉండదు కాబట్టి నాలికా పళ్ళ పద్ధతి తనే కనిపెట్టుకుంది. ఇంటికెళ్ళి తలుపేసుకుని దాచుకున్నవన్నీ కలిపి తుమ్మేది. ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేసే మొగుడు, పగలంతా కాగితం దుమ్ము మింగి సాయంత్రం నీ తుమ్ములు వినాలా, ఏం బతుకే నాది అని నవ్వేవాడు. ఆయన నవ్వు వేరు, అందులో విషం ఉండదు. ఫారంలో అలర్జీ ఉందా అన్నచోట లేదు అని తడుముకోకుండా రాసేది. తుమ్మనప్పుడు అలర్జీ ఉన్నట్టెలా అవుతుంది?

పది పదిహేను. గుండె ఎందుకో చెవుల్లో కొట్టుకుంటోంది. ఒళ్ళు నిలకడగా లేదు, కాలి బొటనవేలు దానంతటదే కదిలింది, అబ్బా, ఆ అమ్మాయి చూసిందేమో. తెర అవతల కుర్చీ కిర్రుమంది.  గడకర్ర ఇప్పుడేం చేస్తుంటాడు? పేరుకి తగ్గట్టే పొడుగ్గా, సన్నగా, గోడౌనులో ఏ మూల నిలబడి చెయ్యెత్తినా కనిపిస్తాడు. చెయ్యి పైకెత్తి అరచెయ్యి చూపిస్తే ఆపు. మోచెయ్యి తిప్పితే ఎత్తు. అరచెయ్యి కిందకి ఊపితే దించు. మోటార్ల మోతలో మాటలు వినపడవు, వాడి చెయ్యే ఆమెకి మాట. పన్నెండేళ్ళు ఆ చెయ్యిని చూస్తూనే బతికింది. పండగకి కూడా మొగుడి మొహం అంతసేపు చూసుండదు. అక్కా అక్కా అంటూ టీ కప్పు తాడుకి కట్టి పైకి పంపేవాడు, వద్దురా ఒలికిపోతుంది అంటే ఒలికినంత ఒలకనీ మిగిలినంత తాగు అనేవాడు. ఇప్పుడు వాడి కుడి భుజం ఎముక చిట్లింది. ఇంట్లో ఉన్నాడు. వెళ్ళి చూడలేదు ఆమె. పోయి చూసి రావే అని మొగుడు రెండుసార్లన్నాడు. పరీక్ష అయ్యాక వెళ్తాలే అంది. ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలి?

ఆ రోజు పైపుల కట్ట దించుతోంది. కింది వరస కొద్దిగా పక్కకి జరిగి ఉంది, గడకర్ర దాని దగ్గరే నిలబడి సరిచూస్తూ అరచెయ్యి కిందకి ఊపుతున్నాడు, దించు, దించు, ఇంకొంచెం. అప్పుడే ముక్కులో కదిలింది. నాలిక, పళ్ళు, ఊపిరి. అంతే, రెప్పపాటు. మళ్ళీ చూసేసరికి కట్ట వరస మీద ఆని, పైపులు దొర్లుతున్నాయి, వాడు లేడు. వాడు పైపుల కింద ఉన్నాడు. ఆ చప్పుడు. తర్వాత అరుపులు. నిచ్చెన రెండేసి మెట్లు దిగింది. వాడు నేల మీద పడి ఉండి కూడా, ఆపమన్నానక్కా, చెయ్యెత్తాను కదా అన్నాడు. సాయంత్రం మేనేజరు అడిగాడు. నాకు సైగ కనపడలేదండీ అంది. అది నిజమే కదా? కనపడలేదు, నిజంగా కనపడలేదు. మేనేజరు రాసుకున్నది మాత్రం సిగ్నల్ ఇవ్వలేదు అని. చదివి సంతకం పెట్టమన్నాడు. చదివింది. పెన్ను రెండుసార్లు విదిలించింది, సిరా రావడం లేదన్నట్టు. సిరా వస్తూనే ఉంది. సంతకం పెట్టింది. అబద్ధం ఆడలేదు, వాళ్ళు రాసుకున్నారు. రెప్పపాటులో వాడు చెయ్యెత్తి ఉంటే మాత్రం తనకి తెలిసేది కాదూ? అసలు ఎత్తాడో లేదో. మనిషన్నాక వాడూ పొరపాటు పడొచ్చుగా, వాడేం దేవుడా? పదిహేడు రోజులుగా ఈ మాటనే అటు తిప్పీ ఇటు తిప్పీ చూసుకుంటోంది, ఎటు తిప్పినా కూర్చోవడం లేదు. కూతురికి చదువు ఇంకా రెండేళ్ళుంది. నలభై ఒకటో ఏట ఇంకో పనెవరిస్తారు, కూరగాయల కొట్టా? ఆ మాస్టారు బతికే ఉంటే ఎంత సంబరపడేవాడో.

వచ్చేసింది. ఈసారి చీమ కాదు, ముక్కు మొదట్లోంచి కళ్ళ వెనక దాకా ఒక్కసారిగా లేచింది. నోరు తెరుచుకోబోయింది. వద్దు వద్దు, ఇంకా అయిదు నిమిషాలే. నాలిక అంగిట్లో నొక్కుకుంది, పళ్ళు బిగుసుకున్నాయి, ఊపిరి ఆగింది, కడుపు వెన్నుకి అంటుకుంది, కుడిచెయ్యి దానంతటదే దుప్పటిని పిడికిట్లో పట్టేసింది. గడియారం కనిపిస్తూ కనిపిస్తూ బూడిద రంగులోకి వెళ్ళిపోయింది. ఎక్కడో దూరంగా మిషను టిక్కు టిక్కు మంటున్నది ఆగినట్టయింది. తర్వాత గుండె ఒక్కసారి ధడేల్మని కొట్టుకుని మళ్ళీ మొదలెట్టింది. గడియారం వచ్చింది. తుమ్ము పోయింది. గెలిచాను అనుకుంది, చెమట చెవుల్లోకి కారుతుండగా.

తెర పక్కకి జరిగింది. ఆ అమ్మాయి కాగితం పట్టుకుని మొహం చిట్లించుకుని చూస్తోంది. ఇరవై అయిదేళ్ళుంటాయేమో, జేబులో నాలుగు పెన్నులు.

"ఏమైనా కదిలారా అమ్మా?"

"లేదమ్మా."

"ఇదిగో చూడండి, ఇక్కణ్ణించి ఇక్కడికి మూడున్నర సెకన్లు గీత సాపుగా వచ్చేసింది. గుండె కొట్టుకోనట్టే ఉంది. మీరేమో చక్కగా మాట్లాడుతున్నారు." ఆ పిల్ల నవ్వేసింది. "వైరు వదులైనట్టుంది లెండి. ఇది తీసేసి మళ్ళీ మొదట్నించీ తీస్తాను. ఇంకో పదిహేను నిమిషాలు ఓపిక పట్టండి."

ఛాతీ మీది వైర్లన్నీ మళ్ళీ అదిమి, కొత్త జిగురు పూసి వెళ్ళిపోయింది. పాత కాగితం ముక్క చింపి బల్ల మీద పెట్టింది, పారేయడానికి. పది ఇరవై నాలుగు.

మూడున్నర సెకన్లు. రెప్పపాటంటే ఎంత? పడుకున్న చోటే రెప్ప వేసి తీసింది. గడియారంలో ముల్లు కదలనే లేదు. మూడున్నర అంటే ముల్లు ఒకటి, రెండు, మూడు గీతలు దాటి నాలుగోదానికి వెళ్తూ ఉండాలి. మళ్ళీ చూసింది. ఒకటి. రెండు. మూడు. ఎంత పొడుగ్గా ఉంది! ఆ మూడున్నరలో మనిషి చెయ్యెత్తవచ్చు, అరచెయ్యి చూపించవచ్చు, చూడకపోతే రెండో చెయ్యి కూడా ఎత్తవచ్చు, అక్కా అని అరవవచ్చు, వెనక్కి అడుగేయవచ్చు, ఇంకో అడుగు వేసేలోపల అయిపోతుంది. లివరు వదిలేస్తే కొక్కెం దానంతటదే ఆగుతుంది, అలాగే చేశారు దాన్ని. తను వదల్లేదు. ఇందాక దుప్పటిని ఎలా పట్టుకుంది? చూసుకుంది, పిడికిట్లో ముడతలు ఇంకా అలాగే ఉన్నాయి. తుమ్ము బిగబట్టేటప్పుడు ముక్కొక్కటే బిగుస్తుందనుకుంది ఇన్నేళ్ళూ. ఒళ్ళంతా బిగుస్తుంది, చెయ్యి కూడా. ఆ మూడున్నర సెకన్లూ గుడ్డిగా, ఊపిరి లేకుండా, గుండె లేకుండా, లివరు పట్టుకుని పైపుల్ని మూరెడు కిందకి దించింది తనే. ఒక్క ఆ రోజేనా? పన్నెండేళ్ళలో ఇలా ఎన్నిసార్లు? కింద ఎవరున్నారో, ఎవరు తప్పుకున్నారో, ఎవరు చెయ్యెత్తి ఎత్తి విసుక్కున్నారో. తుమ్మితే కింద జనం చస్తారన్నాడు ఆ మాస్టారు. తుమ్మినదానికి కళ్ళు మూసుకుని తెరవడానికి సెకను కూడా పట్టదు. తుమ్మేసి ఉంటే బావుండేది.

విచిత్రం ఏమిటంటే ముక్కు ఇప్పుడు ఊసెత్తడం లేదు. బుద్ధిమంతురాలైన ముక్కు. గుండె కూడా అలసిపోయి కుదురుగా కొట్టుకుంటోంది. కాగితం శుభ్రంగా వస్తోందని చూడకుండానే తెలుస్తోంది, ఒంట్లో అంత హాయిగా ఉంది, ఆ హాయి చూస్తేనే భయం వేసింది. పది ముప్ఫై మూడు. ఆ చింపిన ముక్క చెత్తబుట్టలోకి పోతుంది. ఎవరికీ తెలీదు. డాక్టరు సంతకం పెడతాడు, మూడింటికి మేనేజరు కాగితం చదువుతాడు, గడకర్రని తీసేస్తారు, రేపు పొద్దున నిచ్చెన. కింద కొత్తవాడెవడో చేతులు ఊపుతుంటాడు. వాడి చేతులు చూస్తుందా తను? ముక్కు కదిలినప్పుడు ఏం చేస్తుంది? మళ్ళీ నాలికా, పళ్ళూ, ఊపిరీ. అలవాటు కదా, చెప్పి మాన్పిస్తే మానేదా? వాళ్ళింట్లో వాడి మీద ఆధారపడినవాళ్ళు లేరా, వాడికి ముసలి తల్లి లేదా? నాకూ కూతురుందిగా. ఉంటే? పది ముప్ఫై ఏడు. ఇదేమిటి, కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి, అలర్జీ నీళ్ళు కావివి, వేడిగా ఉన్నాయి. ఏడుస్తోంది తను. ఏడిస్తే కాగితం మీద పడుతుందా? పడనీ.

"చక్కగా వచ్చిందమ్మా," అంది ఆ అమ్మాయి తెర తీస్తూ. "ఇంత నిలకడగా మా డాక్టరుగారిక్కూడా రాదు. ఇక లెక్కపెట్టి ఊపిరి తీసే పరీక్ష."

"ఆ చింపిన ముక్క పారెయ్యకు తల్లీ."

"ఏది? వైరు వదులైనప్పటిదా?"

"వైరు వదులు కాలేదు. తుమ్మొస్తే బిగబట్టాను. బిగబడితే నాకు అలాగే అవుతుంది, కళ్ళు కనపడవు. పన్నెండేళ్ళుగా క్రేను మీద కూర్చుని అదే పని చేస్తున్నాను."

ఆ పిల్ల నవ్వు మాయమైంది. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. ముక్కు అలర్జీ ఉన్న కొందరిలో గుండెని నెమ్మది చేసే నరాల జోరు ఎక్కువ ఉంటుందనీ, దాని మీద ఊపిరి ఆపి ముక్కితే గుండె ఒక్కోసారి అలా ఆగి మొదలవుతుందనీ చిన్న గొంతుతో చెప్పింది. చెబుతూనే కాగితం మళ్ళీ చూసింది. "రాయమంటారా ఇది? రాస్తే డాక్టరుగారు మిమ్మల్ని పైకి ఎక్కనివ్వరమ్మా. ఆలోచించుకోండి."

"ఆలోచించే చెప్తున్నా. నేను చెప్పింది చెప్పినట్టు రాయి. సెకన్లు కూడా రాయి. అది చూపించాకే చదివి సంతకం పెడతాను."

మిగతా పరీక్షలన్నీ చేయించుకుని, ఐసు నీళ్ళలో పెట్టిన చెయ్యి ఇంకా జిల్లుమంటుండగా వరండాలోకి వచ్చేసరికి తుమ్ము లేచింది. ఆపలేదు. ఒకటి, రెండు, అయిదు, తొమ్మిది. బల్లల మీద కూర్చున్నవాళ్ళు జరిగి కూర్చున్నారు. జరగనీ అనుకుంది, పదకొండోది కూడా తుమ్మి, కొంగుతో మొహం తుడుచుకుని, గడకర్రకి ఫోను చేసింది. రెండో రింగుకే ఎత్తాడు.

"అక్కా! పరీక్షంటగా ఇవ్వాళ, అయిపోయిందా? అంతా బాగానే వచ్చిందా?"

వాడు ఆ మాట మనస్ఫూర్తిగా అడుగుతున్నాడు. కాగితం బాగా వస్తే ఏమవుతుందో వాడికి తెలుసు, తెలిసే అడుగుతున్నాడు. 

"ఒరేయ్, నన్ను చెప్పనీ. ఆ రోజు నువ్వు చెయ్యెత్తావురా. నేనే కళ్ళు మూసుకున్నాను, తుమ్ము ఆపుకుంటూ. ఇప్పుడే వెళ్ళి మేనేజరుకి చెప్తున్నా. నేను పెట్టిన సంతకం తప్పని చెప్తున్నా."

 తిడతాడనుకుంది, తిడితే బావుండుననుకుంది.

"నేను ఎత్తానా అక్కా?" అన్నాడు వాడు.

"ఎత్తావు."

"నువ్వు చూళ్ళేదు కదా. నీకెలా తెలుసు?"

"పన్నెండేళ్ళలో ఎత్తాల్సినప్పుడు నువ్వు ఎత్తనిదెప్పుడురా?"

"కాదక్కా, అందరూ ఎత్తలేదు ఎత్తలేదు అంటుంటే నాకూ అలాగే గుర్తొస్తోంది. ఈ చెయ్యి లేవదుగా, రోజూ ఎడమ చెయ్యి ఎత్తి ఎత్తి చూసుకుంటున్నా, ఆ రోజు ఎలా నిలబడ్డానో, ఎత్తానో లేదో అని. మా అమ్మ నన్ను చూసి పిచ్చెక్కిందని ఏడుస్తోంది."  ఫోను మొహం నుంచి దూరంగా తీసినట్టున్నాడు, ఆ తర్వాతి మాట ఆమెతో అన్నది కాదు, ఇంటి లోపలికి పెట్టిన కేక. "అమ్మా! ఎత్తానంటమ్మా! నేను ఎత్తానంట!"